జోడీ మాస్టారి రెండో కార్డు

కంప్యూటర్లు బిగించే ఆయన్ని బజారంతా జోడీ మాస్టారనే పిలుస్తుంది. ఒకే రకం గ్రాఫిక్స్ కార్డులు రెండింటిని ఒకే పెట్టెలో కూర్చోబెట్టి, వాటిని కలుపుతూ చిన్న ముక్క తగిలించి, ఆటల వేగం పెంచడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. తను మాత్రం ఒక్క ఆటా ఆడి ఎరగడు. సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెప్పే అంకె ఒకటి తెర మూలన ఉంటుంది. అది పెరిగితే చాలు, పెట్టెకు మూత బిగించేస్తాడు.

ఆ రోజు పదకొండింటికి కూతురికి కంప్యూటర్ ఆటల పోటీ. ఇంట్లోంచే ఆడాలి. గెలిస్తే జట్టులో చోటు, ఓడితే ఏడాది దాకా మళ్లీ అవకాశం లేదు. పిల్ల ఆర్నెల్లుగా ఒక్క కార్డుతోనే సాధన చేసి నిబ్బరంగా ఉంది. ఈయనకే కాలు నిలవడం లేదు. పొద్దున్నే కొట్టుకు పోయి రెండో కార్డు పట్టుకొచ్చాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? అది అడిగిందా?" అంది భార్య.

"జోడీ మాస్టారి కూతురు ఒంటి కార్డుతో ఆడిందంటే నలుగురూ నవ్వరూ?"

బిగించాడు. అంకె తొంభై నుంచి నూట అరవైకి ఎగబాకింది. మాస్టారి మొహం చేటంత అయింది. కూతురు కాసేపు ఆడి, మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"కుదుపుతోంది నాన్నా."

"అంకె చూడమ్మా!"

"అంకె బానే ఉంది. బొమ్మే ఆగి ఆగి వస్తోంది. గురి చూసేలోపు అవతలివాడు జారిపోతున్నాడు. నువ్వు బొమ్మ చూడవా?"

చూశాడు. నిజమే. రెండు కార్డులూ వంతులేసుకుని బొమ్మలు గీస్తాయి. ఒకటి తొందరపడి ఇంకోటి తాత్సారం చేస్తే కుదుపు తప్పదు. ఆ మాట చాలాసార్లు విన్నాడు గానీ, కళ్లతో చూడడం ఇదే మొదలు. ఇన్నేళ్లుగా అప్పగించిన పెట్టెలు ఎన్ని ఇలా కుదిపాయో! అప్పటికే పదిన్నర దాటింది.

రెండో కార్డు తీయబోయాడు. కార్డును పట్టి ఉంచే కొక్కెం, వేలసార్లు తీసిందే, ఇవాళ లొంగనంది. అది విరిగితే పిల్ల ఆర్నెల్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఎలాగో ఊడొచ్చింది. మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది.

"తెర వైరు కిందే వేలాడుతోంది, చూసుకోండి," అంది భార్య.

పదకొండుకు రెండు నిముషాలుందనగా తెర వెలిగింది. కూతురు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుకు వంగింది. ఆయన వెనకాల స్టూలు మీద కూర్చుని, ఈసారి బొమ్మే చూశాడు. తెరనిండా మనుషులు పరిగెడుతున్నారు. ఎవరికి దెబ్బ తగిలినా ఈయనే ఉలిక్కిపడుతున్నాడు.

"వీళ్లలో నువ్వెవరు తల్లీ?" అని మెల్లిగా అడిగాడు.

ఆ పిల్ల ఆయన ఇంట్లోనే, ఆయన బిగించిన పెట్టె మీదే, ఆరేళ్లుగా ఆడుతోంది. ఆయన అడిగింది ఆమెకు వినపడలేదు.

"ఆ ఎర్ర టోపీ," అని భార్య వేలు పెట్టి చూపించింది.