శిలువ మీద తెల్లబట్ట

చాయ్ ఇటియ్యి అన్నా, నిలవడే తాగుత. కూసుంటే మనసున పడ్తలేదు. ఇగ కొన్నొద్దులు నేను బజార్ల మొఖం చూపియ్య! నిన్న గుడి ఓపెనింగ్ కాడ నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇనుండ్రి.

మీకెర్కే గదా, పెద్దేముల్ దిక్కు ఒక ఊర్ల కిరస్తానపోళ్లకు చిన్న గుడి కట్టిన. మునుపు గడ్డి గుడిసెల ప్రార్థన చేసుకునేటోళ్లు. వానొస్తే అందరు ఒక్క మూలకు జరుగుడే! వాళ్లే బండ్లు కట్టుకపోయి తాండూరు గనుల కాడికెల్లి రాయి తెచ్చుకున్నరు. గోడలు లేపిన, నేలకు బండలు పరిచిన. తలుపు మీద మొన తేలిన కమాను కావాలన్నరు. నేనేమో జిందగిల గుండ్రం కమాన్లే కట్టిన! కింద మట్టి నింపి, రాళ్లు పేర్చి, గచ్చు ఆరినంక మట్టి తీసిన. ధడేల్! అంత కూలింది.

దిష్టి గాక ఇంకేంది? మల్ల కట్టేటప్పుడు గోపురం మీద దిష్టిబొమ్మ నిలవెట్టిన. కుండ తలకాయ, కోరమీసాలు, మెడల తెగిన చెప్పు. ఈసారి కమాను ఇసుమంత కదల్లే!

మొన్న పాస్టరయ్య వచ్చిండు. "మేస్త్రీ, రేపు బిషప్ దొరగారు వస్తున్నరు. జర ఆ బొమ్మ తీసెయ్యి. పని నచ్చితే వికారాబాద్‌ల బడి కట్టే పని నీకే ఇప్పిస్త."

"తీస్త అయ్యగారూ" అన్న గని, గుండెల రాయి వడ్డది. తీసినంక దొర కిందికెల్లి పోయేటప్పుడే కమాను కూలితే? బడి పని ఏడుంటది, నేనేడుంట? అటు తిరుగుత, ఇటు తిరుగుత, కాలు ఒక్క తాన నిలుస్తలేదు. గప్పుడే గోపురం మీది శిలువకు తెల్లబట్ట కప్పిపిచ్చి, ఒక తాడు కిందికి ఇడిపిచ్చిండు అయ్యగారు. నా పానం లేచొచ్చింది! ఓహో, వీళ్లకు సుత దిష్టి ఫికర్ ఉన్నది, అందుకే కప్పుతున్నరు అనుకున్న. అయ్యగారు ఇంటికి పోంగనే నిచ్చెనెక్కి, బొమ్మను గా బట్ట లోపల్నే కట్టి దిగిన.

నిన్న మస్తు జనం. పాటలు పాడుతున్నరు. దొర వచ్చి తాడు వట్టుకున్నడు. గాయిన తాడెందుకు వట్టిండు అనుకునే లోపే గుంజిండు. బట్ట జారింది!

శిలువ వెనకకెల్లి తొంగి చూస్తున్నది నా బొమ్మ. పాట ఆగిపోయింది. పాస్టరయ్య కండ్లు మూసుకున్నడు. దొర ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని మంచిగ చూసి, "ఆయన ఎవరు?" అని అడిగిండు.

ముందు కూసున్న మరియమ్మ అవ్వ లేసింది. "మా మేస్త్రి, దొరా! గా అంగి ఆయనదే, గా రుమాలు ఆయనదే."

నిజమే! పాత అంగి, రుమాలు పారేసుడెందుకని బొమ్మకు తొడిగిన. మీసాలు సుత అద్దంల నన్ను చూసుకునే గీసిన. ఎవలో కిసుక్కుమన్నరు, ఇగ నవ్వులు ఆగలే. సిగ్గుతోని చచ్చిపోయిన. దొర సుత నవ్విండు.

నవ్వుకుంటనే కమాను కిందికి నడిచి, దాని మీద చెయ్యేసి చూసిండు. కమాను నిలవడ్డది. దొర ఎనుకకొచ్చి నా భుజం తట్టి, "పని బాగుంది మేస్త్రీ. బడి కూడా నువ్వే కట్టాలి. కాని వికారాబాద్‌కు ఒక్కడివే రా" అన్నడు.

అట్లనే అని తలకాయ ఊపబోయిన. గాలొచ్చింది. పైనోడు నాకన్న ముందే ఊపిండు.