మగ్గం గుంతలో నీళ్లు, కొండ మీద నీళ్లు

మా చిన్నప్పుడు... పెద్ద వాన కురిసిన మర్నాడు నాయన నిద్ర లేవగానే చేసే మొదటి పని, మగ్గం గుంతలోకి చెయ్యి పెట్టి చూడడం.

ధర్మవరంలో మాది నేతగాళ్ల వీధి. నడింట్లో నేలలోకి తవ్విన గుంత... అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని నాయన పట్టుచీరలు నేసేవాడు. వాన గట్టిగా పడితే ఆ గుంతలో నీళ్లు ఊరేవి. ఇక నాలుగైదు రోజులు మగ్గం పడుకున్నట్టే. అమ్మ ముఖం మాడిపోయేది. నాకు మాత్రం పండగే పండగ! ఎందుకంటే గుంతలో నీళ్లు ఊరాయంటే కొండ మీద దుముకు పారుతున్నట్టు లెక్క.

దుముకు అంటే మా జలపాతం. కనగానపల్లి వైపు బోడికొండల్లో ఉంటుంది. ఏడాదంతా వట్టి నల్లబండ. పెద్ద వాన పడితే రెండు రోజులు పారుతుంది, అంతే. కొన్నేళ్లు ఆ భాగ్యం కూడా ఉండదు. మా మిద్దె ఎక్కితే దూరంగా కొండ మీద సన్నటి తెల్లగీత కనిపించేది. నాయన పైనుంచే కేకేసేవాడు... "పాపా, దుముకు పారతాండాది! సద్ది కట్టించుకో!"

సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని బస్సెక్కడం, కొండ దగ్గర దిగి నడవడం. దారంటూ ఏమీ లేదు. రాళ్లు, కలబంద, సీతాఫలం పొదలు... వాటి మధ్య గొర్రెలు నడిచిన జాడే దారి. మగ్గం మీద కూర్చుంటే పెదవి విప్పని నాయన, కొండెక్కితే ఈల వేసేవాడు! సగం దూరంలో ఏనుగంత రాతిగుండు ఒకటి ఉంది. అక్కడ ఆగి, "ఉష్... ఇను" అనేవాడు. అక్కడి నుంచే నీళ్ల హోరు వినిపించేది. ఆ హోరు చెవిన పడగానే నేను పరుగో పరుగు...

అమ్మ మాత్రం ఎప్పుడూ రాలేదు. రాలేదు అనకూడదు, రాలేకపోయింది. తేమకు మగ్గం మీది పట్టుపోగులు పాడైపోతాయి. పక్కన బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టాలి. ఒక్క నిప్పురవ్వ ఎగిరిందా, చీరంతా బూడిదే. అందుకని ఒకరు కాపలా ఉండాల్సిందే. ఓ కన్ను కుంపటి మీద వేసి, చెంబుతో గుంతలో నీళ్లు తోడి పారబోస్తూ, ఆ నీళ్లను నోరారా తిట్టుకుంటూ కూర్చునేది అమ్మ. మేం తిరిగొచ్చాక ఎంత ఆశగా అడిగేదో... "ఎంత ఎత్తునుంచి పడ్తాది పాపా? శబ్దం యాడిదాకా ఇనపడ్తాది?"

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా... చాన్నాళ్లుగా ఎండిపోయిన దుముకు మళ్లీ పారింది. నేనూ నాయనా చూసొచ్చాం. అమ్మ మామూలుగానే అడిగింది, నేను చేతులు తిప్పుతూ చెప్పాను. నాయన సంగటి తింటూ అంతా విన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే కుంపటి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఈ పొద్దు ఈడ నేనుంటా. నువ్వు పాపను పిల్చుకొని పో."

"నేనా? నాకు దారి యాడ తెలుసు?" అంది అమ్మ.

"పాపకు తెలుసులే. రేపటికి ఉండదది. పో."

ఆ రోజు మా అమ్మకు దారి చూపించే పెద్దమనిషిని నేనే! మహా దర్జాగా ముందు నడిచాను. కానీ వాన నిలిచిపోయింది, ఎండ చుర్రుమంటోంది. గుండు దగ్గర ఆగి నాయనలాగే "ఉష్... ఇను" అన్నాను.

ఏమీ వినిపించలేదు.

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మనిషిని ఇంత దూరం నడిపించి, ఎండిన బండ చూపించాలా? అమ్మ నా ముఖం చూసింది. "పోనీలే పాపా, వచ్చినాం కదా... బండనన్నా చూసి పోదాం" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది.

మలుపు తిరిగాం... ఉంది! నిన్నటి జోరు లేదు, హోరు లేదు. కానీ ఉంది. అంత పెద్ద నల్లబండ మీద, ఆరేసిన పట్టుపోగుల్లా సన్నగా, తెల్లగా జారుతోంది. అమ్మ కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత కొంగు నడుముకు దోపి, బండలు దాటుకుంటూ వెళ్లి, నేరుగా నీళ్ల కిందే నిలబడింది! తల తడిసి, చీర తడిసి... ఒకటే నవ్వు.

"ఈ నీళ్లనేనా పాపా, నేను ఇన్నేండ్లూ తిడతాండింది?"

మా అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలీదు. ఎంత అందంగా ఉందో ఆ రోజు!

వచ్చేటప్పుడు సద్దిగిన్నె కడిగి, దాన్నిండా దుముకు నీళ్లు పట్టుకుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఒలక్కుండా తెచ్చి నాయన ముందు పెట్టింది. ఆయన గిన్నెలోకి ఒకసారి, గుంతలోకి ఒకసారి చూశాడు. "ఇంట్లో ఉండే నీళ్లు చాల్లేదా మే నీకు?" అని... గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు.

ఇప్పుడు ఆ గుంత పూడ్చేశాం. టైల్స్ గచ్చు మీద ఎత్తు మగ్గం వచ్చింది. ఎంత వాన పడినా పని ఆగదు. మంచిదే. కుంపటి లేదు, కాపలా లేదు, ముగ్గురం కలిసి దుముకుకు పోవచ్చు. కానీ చిత్రం చూడండి... అడ్డమంటూ ఏదీ లేకుండా పోయాక, మేం ఒక్కసారి కూడా పోలేదు.

నా ఉద్యోగం హిందూపురంలో. నిన్న సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పాపా, మిద్దెక్కి చూసినా. తెల్లగా కనిపిస్తాండాది" అంది. "ఆదివారం వస్తాలేమ్మా" అన్నాను, అలవాటు కొద్దీ.

అమ్మ మెల్లగా అడిగింది... "ఆదివారందాకా ఉంటాదా పాపా అది?"

సెలవు పెట్టేశాను. బస్సు ఇప్పుడే పెనుకొండ దాటింది. నాయన ఈ పొద్దు మగ్గమెక్కనని చెప్పేశాడట, అమ్మ సద్ది కడుతోందట.

మీ ఊరి దగ్గర కూడా ఇలా రెండు రోజులే ఉండి పోయే నీళ్లు ఉన్నాయా? వాటి దగ్గరికి మిమ్మల్ని తీసుకుపోయిందెవరు? రాయండి... ధర్మవరం చేరేదాకా చదువుకుంటూ ఉంటాను. గుండు దగ్గరికి పోయాక మాత్రం ఫోన్ చూడను. అక్కడ ముగ్గురం ఆగి, చెవులు రిక్కించి వినాలి...