పన్నెండు గంటల నీడ

ఒక రాయి నీడ కోసం తొమ్మిదేళ్ల పిల్లను పొట్టన పెట్టుకునేదాన్ని. గోరంతలు కొండంతలు చేస్తానని మా ఆయన నన్ను ఎప్పుడూ ఆడిపోసుకుంటాడు గానీ, ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మేము మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మాది గోదావరి వైపు. మా ఆయనకు హైటెక్ సిటీలో ఉద్యోగం. నాకేమో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, దాన్ని ఏం చేసుకోవాలో తెలియని తీరిక. అందుకని సెలవు రోజుల్లో కింద కార్లు పెట్టుకునే చోట చాప పరిచి, అపార్ట్‌మెంట్ పిల్లలు ఏడుగురికి బొమ్మలు నేర్పేదాన్ని.

వాళ్ళకు బొమ్మంటే ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక ఇల్లు, ఇంటి ముందు నది. మణికొండలో నది ఎక్కడ చూశారర్రా అంటే తెల్లమొహాలు వేసేవారు. అంతా అయ్యాక చుట్టూ నల్ల స్కెచ్ పెన్నుతో ఒక గీత. ఆ గీత చూస్తే నాకు ఒళ్ళు మండేది. మొదటి నెలలోనే స్కెచ్ పెన్నులూ నల్ల రంగు బుడ్లూ లాక్కుని అటకెక్కించాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంప్రెషనిస్టు బొమ్మల పుస్తకం తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. "దగ్గరికెళ్తే అన్నీ మచ్చలే ఆంటీ" అన్నాడొకడు. పదడుగులు వెనక్కి వేసి చూడమన్నాను. వేశాడు, వెనకున్న స్కూటరుకు తగిలి కూలబడ్డాడు, అక్కణ్ణుంచే నీళ్ళు కనబడుతున్నాయని చెప్పాడు. ఆ పూట నాకు కలిగినంత సంతోషం నా బొమ్మలు నేను చూసుకున్నప్పుడు కూడా ఎన్నడూ కలగలేదు.

నేను చెప్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. వస్తువును కాదు, దాని మీద పడే వెలుతురును వెయ్యండి. నీడలో నలుపు ఉండదు, బాగా చూస్తే వేరే రంగులుంటాయి. వెలుతురు మన కోసం ఆగదు కాబట్టి గబగబా వెయ్యాలి, కూర్చున్నాక ఎవరు పిలిచినా లేవకూడదు. ఈ చివరి మాట వాళ్ళ అమ్మల మీద కోపంతో అన్నది. పాలు తాగమనీ హోమ్‌వర్క్ ఉందనీ బాల్కనీల్లోంచి ఒకటే కేకలు.

మా వెనక ఖాళీ స్థలంలో రెండంతస్తుల ఎత్తున పెద్ద రాతిగుండు ఉండేది. ఆ ఒక్క రాయినే, ఒక్కో పిల్ల ఒక్కో గంటకు, ఒకే చోట కూర్చుని వెయ్యాలని నా కోరిక. కానీ అక్కడ కొత్త టవరు రాబోతోంది. రాళ్ళకు బెజ్జాలు వేసి, మందు కూరి, మధ్యాహ్నం పన్నెండింటికి పేల్చేవారు. పని చూసే మేస్త్రీది పాలమూరు, అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాడు. పేల్చే ముందు మూడు ఈలలు వేసేవాడు. మొదటి ఈలకు ఆ స్థలంలో ఉన్నవాళ్ళు బయటికి రావాలి, రెండో ఈలకు రోడ్డు ఆపుతారు, మూడో ఈలతో రాయి లేచిపోతుంది. చిన్న రాళ్ళన్నీ అయిపోయి ఆ వారం పెద్దదాని వంతు వచ్చింది, బెజ్జాలు కూడా వేసేశారు. సరిగ్గా అప్పుడే రెండు రోజుల బంద్ ప్రకటించారు.

ఊళ్ళో వాళ్ళంతా పాలకూ కూరలకూ పరుగులు పెడుతుంటే నేను మాత్రం సంబరపడ్డాను. రాయికి రెండు రోజుల ఆయుష్షు పెరిగింది. వెళ్ళి మేస్త్రీని అడిగాను, రెండు రోజులూ పని లేనట్టేనా అని. "తెలంగాణ రావాలె గద మేడం, మేం గూడ బంద్‌ల ఉన్నం" అన్నాడు. అయితే మంచిదే అన్నాను. రెండు రోజులు కూలి పోయేవాడితో అనాల్సిన మాట కాదది. "మీకు మంచిగనే ఉంటది" అని అతను మొహం తిప్పుకున్నాడు. పిల్లలు వచ్చి అక్కడ కూర్చుంటారని మాత్రం అతనితో చెప్పలేదు. చెప్తే వద్దంటాడని నాకు తెలుసు.

మొదటి రోజు పొద్దున్నంతా మబ్బు. ఎండ వచ్చాక సాయంత్రం ముగ్గురు పిల్లలు వేశారు. మిగతా నలుగురికి మర్నాడు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా గంటలు పంచాను. పన్నెండు గంటలది ముగ్గురు వద్దన్నారు, నీడే ఉండదని వాళ్ళ వాదన. కర్నూలు వాళ్ళ పిల్ల ఒకతె, మహా మొండిది, అది తనకివ్వమంది. నీడ ఉంటుందట, రాయి కిందికి పోయి కూర్చుంటుందట. ఏడుగురిలో నాకు ఆ పిల్లంటేనే ఎక్కువ ఇష్టం.

ఆ రాత్రే రెండో రోజు బంద్ వాపసు తీసుకున్నారు. ఊళ్ళో చాలామందికి తెలిసింది, మా ఇంట్లో తెలియలేదు. ఎదురింటి వరంగల్ ఆయనా మా ఆయనా టీవీ ముందు వాదులాడుకుని, రోజూ కలిసి టీ తాగే మనుషులు మొహాలు చూసుకోవడం మానేశారు. వార్తలు పెట్టినవాళ్ళకు అన్నం పెట్టనని నేను శాసనం చేసి అప్పటికి నెలయింది. బడికి రెండు రోజుల సెలవు ముందే చెప్పేశారు. మా ఆయన ఇంట్లోంచే పని చేస్తూ, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గదిలో ఉన్నాడు. పొద్దున్నే రోడ్డు మీద ఆటోల చప్పుడు విన్నాను, బంద్ పలచబడిందనుకున్నాను. పదకొండు గంటల పిల్లవాడు అరగంట కాకుండానే ముగించుకుని వచ్చి రాయికి అటువైపు మనుషులున్నారని కూడా చెప్పాడు. వాళ్ళుండేది అక్కడే కదరా అని కొట్టిపారేశాను.

పన్నెండు గంటల పిల్ల పావుగంట ముందే వెళ్ళి కూర్చుంది. నేను పప్పులో తాలింపు వేస్తున్నాను. ఈల వినబడింది.

గరిటె ఎక్కడ పడేశానో తెలియదు. చెప్పులు లేకుండా మూడంతస్తుల మెట్లు దిగాను. పిల్లకు ఈల తెలుసు, వచ్చేస్తుంది, మెట్ల దగ్గరే ఎదురుపడుతుంది అనుకుంటూ దిగాను. ఎదురుపడలేదు. వెనక గేటు తీస్తుంటే రెండో ఈల వేశారు. పిచ్చిదానిలా చేతులు ఊపుకుంటూ రాయి వైపు పరిగెత్తాను. రోడ్డు దగ్గర మేస్త్రీ స్విచ్చు పెట్టె ముందు వంగి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏయ్, ఆగు! సావనీకొచ్చినవా?"

పిల్ల, వెనకాల, అని రెండు మాటలే అనగలిగాను. అతను పెట్టెకున్న వైర్లు పీకేశాడు. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని తన వాళ్ళకు అరిచి చెప్పి, మందు కూరిన ఆ రాయి చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తాడు. నేను వెళ్ళలేదు, అతనే వెళ్ళాడు.

పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. తడి బొమ్మ అతని చొక్కాకు అంటుకుని పాడైందని అది గింజుకుంటోంది.

అప్పటికే బాల్కనీలన్నీ నిండాయి. పిల్ల తండ్రి, రియల్ ఎస్టేట్ చేసే మనిషి, లుంగీ మీదే పరిగెత్తుకొచ్చి వస్తూనే మేస్త్రీ కాలరు పట్టుకున్నాడు.

"బంద్ దినం మందు పెడతావేమిరా? ఈడుండేది ఆంధ్రా వాళ్ళ పిల్లోళ్ళనే కదా?"

బంద్ రాత్రే వాపసైందనీ, పదకొండున్నరకు చుట్టూ తిరిగి చూశాననీ, ఈల రెండుసార్లు వేశాననీ మేస్త్రీ చెప్తూనే ఉన్నాడు. వినేవాళ్ళెవరు? వీళ్ళు కావాలనే చేస్తున్నారని ఒకరు, పోలీసులకు ఫోన్ చెయ్యమని మరొకరు. అటు షెడ్డులోంచి నలుగురు కూలీలు గడ్డపారలు పట్టుకునే వచ్చి నిలబడ్డారు. ఇంకొక్క మాట తూలితే తలలు పగిలేవి.

నేను నోరు మెదపలేదు. రోజూ అందరి మీదా అరిచే నోరే ఇది. భయం ఒకటే కాదు. తప్పు ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంటే లోపలెక్కడో హాయిగా కూడా ఉంది. ఇన్నేళ్ళయినా నన్ను నేను క్షమించుకోలేనిది ఆ హాయినే.

పిల్లే మాట్లాడింది.

"నాకు ఈల వినపడింది నాయనా. రెండుసార్లూ వినపడింది."

"మరి లేసి రాలేదేమే?"

"నీడ జరిగిపోతాది. అయిపోయేదాకా ఎవరు పిలిచినా లేవొద్దని ఆంటీ చెప్పింది."

ఫిర్యాదులా చెప్పలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అందరూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను, బంద్ పోయిన సంగతి నాకు తెలియదని, పిల్లను అక్కడికి పంపింది నేనేనని, మేస్త్రీకి చెప్పకుండా పంపానని. ఆ తండ్రి చెయ్యి కాలరు మీద నుంచి మెల్లగా జారింది. నన్ను తిట్టలేదు. గోడకు ఆనుకుని మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

మేస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. మందు కూరిన రాయిని అట్లా వదిలెయ్యడం కుదరదు, పేల్చి తీరాలి.

"ఎంతమంది పిల్లలు మేడం నీ దగ్గర?"

ఏడుగురన్నాను.

"అందరిని కిందికి పిలువు. నా ముందర నిలవెట్టి లెక్కవెట్టు. అప్పుడే కొడ్త."

పిలిచాను. గోడ పక్కన వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టాను. లెక్కకు ఆరుగురే వచ్చారు. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాను. ఆరుగురే.

మేస్త్రీ నా ఎడమ చేతి వైపు చూపించాడు. ఏడో పిల్ల ఆ చెయ్యి పట్టుకునే ఉంది.