పైకప్పు మీద చప్పట్లు

చైనాలో ఒలింపిక్స్ మొదలైన రోజు శ్రావణ శుక్రవారం. ఆ మధ్యాహ్నం మేడమీది అక్క కుంకుమ భరిణె పట్టుకుని మెట్లు దిగి, మా వఠారంలో ప్రతి గడప ముందూ నిలబడి పిలిచింది. నా గడప దగ్గరికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, తల వంచుకుని దాటిపోయింది. నేను గడపలోనే కూర్చుని బీన్సు తుంచుతున్నాను. కనబడలేదని చెప్పడానికి వీల్లేదు. నా కాళ్ళు ఆమె దారిలోనే ఉన్నాయి. వాటిని తప్పించుకునే నడిచింది.

తాంబూలానికి నన్ను పిలవరని నాకు తెలుసు. మా ఆయన పోయినప్పటి నుంచి శ్రావణ మాసమంతా నా తలుపు బయటే నడిచిపోతుంది. ఆ విషయంలో నేను గొడవపడవలసిన వాళ్ళతో గొడవపడి, మాట్లాడటం మానేయవలసిన వాళ్ళతో మానేసి, అలసిపోయాను. కానీ ఆ రోజు అక్క పిలిచింది తాంబూలానికి మాత్రమే కాదు. పక్కింటి గడపలో ఆమె అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది.

"పసుపు కుంకుమ తీసుకోని అట్లే పోవద్దండప్పా. ఒలింపిక్స్ చూసి పోదురు. కొత్త టీవీ ఉండాది, గోడంత! బోండాలు కూడా చేస్తా ఉండాను."

టీవీ చూడటానికి నుదుటి బొట్టుతో ఏం పని? తాంబూలాల పని అయిపోయాక, ఆ రెండో పిలుపైనా నాకు వస్తుందేమో చూద్దామనుకున్నాను. వస్తే వెళ్ళాలని కూడా అనుకున్నాను. ఇంట్లో మనిషి గొంతు విని చాలా రోజులైంది.

బెంగళూరు కాటన్‌పేటలో మాది పాత వఠారం. నడిమధ్య కొళాయి, చుట్టూ ఇళ్ళు, మూల నుంచి మేడమీదికి మెట్లు. ఒకరింటికి టీవీ చూడటానికి పిలవకుండా వెళ్ళే అలవాటు మాలో లేదు. పిలవకుండా వెళ్తే వెళ్ళినవాళ్ళకు చిన్నతనం. పిలవకపోతే ఇంటివాళ్ళకు చిన్నతనం. ఈ మర్యాద నాకు కొత్తగా పుట్టింది కాదు. దాన్ని అందరికన్నా బాగా పాటించింది నేనే.

అమెరికాలో ఒలింపిక్స్ జరిగిన ఏడాది వఠారంలో కొత్త రంగుల టీవీ ఉన్నది మా ఇంట్లోనే. మా ఆయన చిక్కపేటలో చీరల అంగట్లో గుమాస్తా. పండగ బోనసు మొత్తం పెట్టి తెచ్చారు. ప్రారంభోత్సవం మనకు తెల్లవారి వస్తుందని చెబితే, ముందురోజు సాయంత్రమే నేను తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, గడప గడపకూ వెళ్ళి పిలిచాను. మేడమీదికి కూడా ఎక్కి పిలిచాను. మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. పక్కింటి నుంచి లోటాలు తెచ్చుకుని మరీ కాఫీలు పోశాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పేము కుర్చీ అక్కకే వేశాను.

ఆమె కాఫీ సగం తాగి, టీవీ వైపు చూసి అన్న మొదటి మాట ఇది.

"మనుషులంతా పచ్చగా ఉండారు కదప్పా, కామెర్లు వచ్చినట్ల! మా తమ్మునింట్లో బొమ్మ అద్దం మాదిరి ఉంటాది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నవ్వి, లేచి, రంగుల మీట తిప్పారు. పచ్చగా ఉన్నవాళ్ళందరూ ఎర్రగా అయిపోయారు. మళ్ళీ నవ్వు. ఆమె నవ్వును నేను మరిచిపోలేదు, మా ఆయన నవ్వును కూడా మరిచిపోలేదు. కానీ మన జెండా తెరమీదికి వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆయన చేతిలో లోటా ఉందన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయారు. కాఫీ చాపమీద ఒలికింది. ఆ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

తర్వాత అందరిళ్ళలోనూ టీవీలు వచ్చాయి. ఎవరినీ పిలవవలసిన పని లేకపోయింది. ఆ తర్వాత మా ఆయన పోయారు. టీవీ మాత్రం పోలేదు. మనుషుల్ని కాస్త పచ్చగానే చూపిస్తూ పనిచేస్తూ ఉంది.

చైనా ఒలింపిక్స్ రోజు సాయంత్రం నేను చీర మార్చుకున్నాను. తలుపు కర్టెన్ పైకెత్తి మేకుకు తగిలించాను. పిలవడానికి వచ్చినవాళ్ళు తలుపు తట్టే అవసరం లేకుండా. పొయ్యి వెలిగించలేదు. పిలిస్తే "వంట మధ్యలో ఉన్నాను" అనవలసి వస్తుందని. మరక చాపమీద టీవీ ముందు కూర్చున్నాను.

డప్పులతో మొదలైంది. వేలమంది ఒకే దెబ్బ కొడుతున్నారు. కొట్టిన చోటల్లా డప్పు వెలుగుతోంది. చీకట్లో వెలుగు అంకెలుగా మారి తగ్గుతూ వస్తోంది. "అబ్బా!" అన్నాను, పక్కన ఎవరో ఉన్నట్లు. నా "అబ్బా" అయిపోయి, నేను నోరు మూసుకున్నాక, పైకప్పు మీద "అబ్బబ్బా!" అని పదిమంది అరిచారు.

పై ఇంటి నేలా నా ఇంటి పైకప్పూ ఒకటే. పాతకాలపు చెక్క దూలాలు కావడంతో పైన ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా నాకు తెలుస్తుంది. వాళ్ళు ఈ మధ్యే డిష్ పెట్టించుకున్నారు. నాది వీధి కేబులు. నా బొమ్మ ముందు వస్తుంది, వాళ్ళది కొంచెం ఆగి వస్తుంది. క్రికెట్ మ్యాచీల్లో ఈ సంగతి కనిపెట్టాను. వికెట్ పడ్డదని నాకు తెలిశాకే వాళ్ళు అరుస్తారు.

ఆ తర్వాత ఆకాశంలో బాణసంచా పాదాల ఆకారంలో పేలింది. ఒక అడుగు, ఇంకొక అడుగు, ఊరిమీద నడుచుకుంటూ మైదానం వైపు వస్తున్నాయి. శుక్రవారం కదా, గడప నుంచి దేవుడి గూటి దాకా పిండితో వేసే లక్ష్మీదేవి పాదాలే నాకు గుర్తొచ్చాయి. ఆ మాట ఎవరితోనైనా అనాలని ఎంత అనిపించిందో చెప్పలేను. అనడానికి ఎవరూ లేరు. అంతలో పైన అక్క గొంతు.

"లక్ష్మమ్మ పాదాలు చూడండప్పా! శుక్రవారమని చైనాకి కూడా పోయినాది!"

పైన నవ్వులే నవ్వులు. ఆ మాట నాది. ఆమెకన్నా ముందు నాకు తోచింది. కానీ నవ్వులు ఆమెకు దక్కాయి.

టీవీ గొంతు తగ్గించేశాను. చైనావాళ్ళు ఏం చెబుతున్నారో నాకు ఎలాగూ అర్థం కావడం లేదు. పైనవాళ్ళు చెప్పేది అర్థమవుతోంది. పెద్ద పెద్ద పెట్టెలు వందల కొద్దీ పైకీ కిందికీ లేస్తూ అలల్లా కదిలాయి. ఏదో యంత్రం అనుకున్నాను. చివర్లో ఒక్కసారిగా పెట్టెల మూతలు తెరుచుకుని మనుషులు తలలు బయటపెట్టి చేతులు ఊపారు. వెంటనే పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంకా తెలియదు వాళ్ళకు. ఇంకా యంత్రమే అనుకుంటున్నారు. ఇప్పుడు తెలుస్తుంది.

"అయ్యో, మనుషులప్పా! లోపల ఉండేది మనుషులు!"

ఆ తర్వాత ఇక నేను తెర చూసింది తక్కువ, పైకప్పు చూసింది ఎక్కువ.

దేశాలు వరసగా నడవడం మొదలయ్యాక పైన కుర్చీలు జరిగిన చప్పుడైంది. "మనోళ్ళు వచ్చేదానికి శానా సేపుండాది. ఈ లోపల హారతి ఇచ్చేస్తాము, లేయండి" అంటోంది అక్క. ప్రతిసారీ మనవాళ్ళు బాగా నడిమధ్యలో వస్తారని ఆమెకు గుర్తు. కానీ ఈసారి చైనావాళ్ళు తమ అక్షరాల లెక్క ప్రకారం పిలుస్తున్నారు. ముందు రావలసినవాళ్ళు వెనక, వెనక రావలసినవాళ్ళు ముందు వస్తున్నారు. జపాను అప్పుడే వచ్చి వెళ్ళిపోయింది. ఈ వరసను నమ్మకూడదని నాకు అనిపించి తెరమీద నుంచి చూపు తిప్పలేదు.

పైన గంట మోగుతోంది, మంగళహారతి పాడుతున్నారు. అప్పుడే వచ్చారు మనవాళ్ళు.

నేను లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టాను. ఖాళీ ఇంట్లో ఒక్క మనిషి కొట్టే చప్పట్లు దోమల్ని కొట్టినట్లు ఉంటాయి. రెండు మూడు కొట్టి ఆపేశాను. పైన అరుపు కోసం ఆగాను. గంట మోగుతూనే ఉంది. మన జెండా తెరమీద నుంచి వెళ్ళిపోయింది. మరో దేశం వచ్చింది. పైన పాట చివరి చరణానికి వచ్చింది.

హారతి అయ్యాక మళ్ళీ కూర్చున్నారు. ఒక్కో దేశం వస్తుంటే "ఇది కాదు", "ఇది కూడా కాదు", "ఇంకొంచెం ఉండాది" అనుకుంటున్నారు. చాలాసేపు అలా గడిచాక మెట్లమీద అడుగుల చప్పుడు. వీధివైపు గదిలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి, విజయవాడ వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న పిల్ల, చేతిలో తాంబూలం కవరుతో కిందికి దిగింది. నా తలుపు తెరిచి ఉండటం చూసి ఆగింది.

"ఆంటీ, మీరు ఒక్కరే చూస్తున్నారా? ఇండియా టీమ్ వచ్చేసిందా, ఇంకా రాలేదా?"

"ఎప్పుడో వచ్చి పోయినారమ్మా. మీరు హారతి పాడతా ఉంటిరి."

"అయ్యయ్యో, మిస్సయిపోయామా! ఉండండి, చెప్పొస్తాను." అంటూ పైకి పరిగెత్తింది. మీరూ రండి అనలేదు. ఆమె చిన్నపిల్ల, ఆమెది తప్పనడం లేదు. కానీ అనలేదు.

పైన ఆ అమ్మాయి చెప్పడం, వెంటనే అక్క జవాబు, రెండూ వినబడ్డాయి.

"ఆమెకేం తెలుస్తాది? ఆ పచ్చ టీవీలో యా జెండా చూసి ఏదనుకొనిందో! కూర్చోండప్పా, వస్తారు."

నవ్వులు. పన్నెండేళ్ళ నాటి పచ్చదనం. నేను మాత్రమే గుర్తుపెట్టుకున్నానని అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ. ఆమె కూడా దాచుకుంది.

వాళ్ళు కూర్చునే ఉన్నారు. ఆఖరికి చైనావాళ్ళే నడుచుకుంటూ వచ్చారు. ఆతిథ్యం వాళ్ళది కాబట్టి చివర వాళ్ళే. పైన అందరూ ఒకేసారి మాట్లాడటం. తెరమీద ఉపన్యాసాలు, జెండా ఎగరేయడం అన్నీ అయ్యాక మెట్లమీద బరువైన అడుగులు. అక్క సగం మెట్లు దిగి, పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నన్ను చూసింది. నేను గడపలోకి వచ్చి నిలబడ్డాను.

"నిజంగానే పోయినారంట కదా! నువ్వు పైకొచ్చి ఒక మాట చెప్పకూడదా? ఏమీ పలకకుండా సుమ్నే కూర్చోనుండావు."

"చెప్పి పంపిస్తిని కదక్కా. నా టీవీ పచ్చది అంటివి."

"అది ఊరికే తమాషాకి అన్న మాట."

"పైకొచ్చి చెప్పేదానికి నన్ను ఎవరు పిలిచినారు?"

"టీవీకి కూడా పిలవాల్నా? ఇంట్లో మనిషి మాదిరి వస్తావనుకుంటిని."

"ఇంట్లో మనిషినా? మరి మధ్యాహ్నం నా కాళ్ళు తప్పించుకోని పోతివే."

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. "అది తాంబూలం సంగతి. చూసేవాళ్ళు నలుగురు నాలుగు మాటలంటారు. నేనేం చేసేదప్పా..." అంటుండగా పైనుంచి ఎవరో కేక వేశారు. "అక్కా, జ్యోతి వెలిగిస్తా ఉండారు, బిరీన రా!"

ఆమె గిరుక్కున తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లు ఎక్కాక, తల సగం తిప్పి, "రా, నువ్వూ రా, బోండాలుండాయి" అంది.

మధ్యాహ్నం నుంచి నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. చీర మార్చుకున్నది దానికోసమే. పొయ్యి వెలిగించనిది దానికోసమే. కానీ ఆమె ఆ మాట మెట్లమీద నుంచి, నాకు వీపు చూపిస్తూ, ఎక్కుతూ ఎక్కుతూ అంది. నేను ఆమెను పిలిచినప్పుడు తల దువ్వుకుని, గడపలో నిలబడి, మొహం చూసి పిలిచాను.

"పొయ్యిమీద అన్నం ఉండాదక్కా" అన్నాను. ఆమె అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి కూర్చున్నాను. తెరమీద ఒక మనిషి చేతిలో కాగడాతో మైదానం పై అంచున, గాలిలో పరిగెడుతున్నాడు. కాళ్ళకింద ఏమీ లేదు. తాళ్ళతో వేలాడదీశారని తెలుస్తూనే ఉంది, అయినా పడిపోతాడేమోనని భయపడుతూనే చూశాను. చుట్టూ తిరిగి వచ్చి కాగడా అంటించాడు. మంట పాకి, పైకి ఎగబాకి, పెద్ద జ్యోతి వెలిగింది.

నేను చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఆగాను. పైన ఇంకా వెలగలేదు. ఇంకా వాడు పరిగెడుతూనే ఉన్నాడు వాళ్ళకు. ఎవరూ ఊపిరి కూడా పీల్చడం లేదు. తర్వాత పైకప్పు మీద ఒక్కసారిగా చప్పట్లు మొదలయ్యాయి. వాటితో కలిపి నేనూ కొట్టాను. వాళ్ళు ఆపేదాకా కొట్టాను.

ఆ తర్వాత లేచి పొయ్యి వెలిగించి అన్నం పెట్టుకున్నాను. వాళ్ళతో కలిసి చప్పట్లు కొట్టానని అక్కకు నేను ఇంతవరకూ చెప్పలేదు. సరిగ్గా పిలిస్తే, వెళ్ళి చెబుతాను.