స్టడీ అవర్లో సీరియం

మా కెమిస్ట్రీ అయ్యవారు పోయారన్న కబురు నాకు పాకాల జంక్షన్లో, కాట్పాడి బండి కోసం కాచుకుని ఉండగా ఫోన్లో తెలిసింది. చెప్పింది నా ఇంటర్ మిత్రుడు. "అయ్యవారు పొయినాడప్పా. కాలేజీ తెరిచేదానికి ఇంకా వారం ఉండాది" అన్నాడు. మొదటి మాట కంటే రెండోదానికే నాకు ఎక్కువ కడుపు మండింది.

తిరుపతిలో మేము చదువు వెలగబెట్టిన ఆ కాలేజీ ఎంసెట్ దేవుడికి అంకితం. బిట్టు రాని పాఠం అక్కడ పాఠమే కాదు. అయ్యవారేమో సరిగ్గా అలాంటి పేజీలోనే, సీరియం అనే లోహం దగ్గర కాపురం పెట్టారు.

"విరళ మృత్తిక అంటారు, అరుదని అర్థం. అంతా అబద్ధం! భూమిలో ఇంచుమించు రాగి అంత ఉండాది. విడదీసేది చేతగాక అరుదన్నారు" అనేవారు. రెండు వందల ఏళ్ళ కిందట స్వీడన్లో, జర్మనీలో ఒకే ఏడు విడివిడిగా దాని జాడ కనిపెట్టి, అప్పుడే కొత్తగా కనబడిన ఒక చిన్న గ్రహం పేరు పెట్టారట. శుద్ధమైన లోహం చేతికి రావడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టిందట. "ముందు పేరు పెట్టినారు, బిడ్డ తర్వాత పుట్టినాడు!"

ఇంకోసారి, "పెండ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు సూసినారు గదా. దాంట్లో వెలిగే గుడ్డ మాంటిల్లో చిటికెడు సీరియం లేకుంటే పెండ్లికొడుకు మొగం కనపడదు. కనపడకుంటేనే మేలనే మొగాలూ ఉండాయనుకో" అని నా వైపు చూశారు.

ఒకరోజు క్లాసులో ఆయన సిగరెట్ లైటర్లోని రాయిని బ్లేడుతో గీకి నిప్పురవ్వలు రాలుస్తుంటే కరస్పాండెంటు కిటికీలోంచి చూశాడు.

"ఏమి అయ్యవారూ, కొండ కింద కూర్చోని సిగరెట్టా?"

"సిగరెట్టు కాదు సార్, సీరియం. ఈ రాయిలో ఉండేది అదే."

"దాని మింద బిట్టు ఎప్పుడన్నా వచ్చిందా?"

"నేనొచ్చినప్పటి నుంచి రాలేదు సార్."

అబద్ధమొక్కటే ఆయన తయారు చేయలేని సమ్మేళనం. మర్నాటి నుంచి ఆయనను స్టడీ అవర్ ఇన్‌ఛార్జి చేశారు. పిల్లలు నోరెత్తకుండా చదువుకునే ఆ గంటల్లో ఆయనా నోరెత్తకూడదు. ఏటా వేసవిలో మేం వెళ్ళి కలిస్తే మాత్రం, "జూన్లో క్లాసు ఇస్తామన్నారప్పా, సూడు" అనేవారు. జూన్ తప్పకుండా వచ్చేది.

కబురు తెలిసిన మర్నాడు పొద్దున నేనూ మిత్రుడూ కార్వేటినగరంలో ఆయన ఇంటికి వెళ్ళాం. కాలేజీ నిలువెత్తు గులాబీ దండ పంపింది. క్లాసు తప్ప ఏదైనా ఇచ్చే ఉదారులు.

అయ్యవారి భార్య మమ్మల్ని చూసి, "మీకన్నా సెప్పినాడా ఆ సీరియం కత?" అంది. "క్లాసు తీసేసినప్పటి నుంచీ పొద్దున్నే నాకు సెప్పేవాడు, నేను సట్నీకి టెంకాయ తురుముతా ఉంటే. కత్తితో కోస్తే తెగుతాదంట. గాలి తగిలితే మెరుపు పోతాదంట."

"ఆ తర్వాత, అమ్మా?" అన్నాడు మిత్రుడు.

"ఆ తర్వాత నాకేం తెలుసు నాయనా. ఆ పాటికి ఆయన కాలేజీకి పొయ్యే బస్సొచ్చేసేది."

అంతలో బస్సు రానే వచ్చింది. సెలవులైనా అలవాటుగా ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి అరుగు వైపు చూశాడు, జనాన్ని చూశాడు, నోట్లోంచి విజిల్ తీసేశాడు. డ్రైవరు కాసేపు విజిల్ కోసం ఆగి, అది రాకపోయేసరికి, మెల్లగా తనే బస్సు కదిలించాడు.