కోటిపల్లి పడవలో కొబ్బరిపొట్టు మరుగుదొడ్డి

రెండేళ్ళ క్రితం స్నేహితులతో గోదావరి మీద పడవ షికారుకు వెళ్ళాను. పడవలో మరుగుదొడ్డి లేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఆ వారమంతా మంట, జ్వరం, డాక్టరమ్మ చేత చివాట్లు. అప్పటి నుంచి పడవంటేనే భయం పట్టుకుంది. అలాంటిది, కోటిపల్లి రేవులో ఒక చిన్న తెరచాప పడవలో మరుగుదొడ్డి ఉందనీ, దానికి నీళ్ళే అక్కర్లేదనీ మా స్కూలు గుమాస్తా గారు చెప్పేసరికి ఉండబట్టలేకపోయాను. నేను ఏడో తరగతికి సైన్సు చెబుతాను. కంపోస్టు పాఠం ఏటా చెప్పేదే. కానీ పడవలో కంపోస్టేంటి?

ఆదివారం చర్చి మానడం ఇష్టం లేక రెండో శనివారం బయల్దేరాను. రాజమండ్రి కాంప్లెక్సులో అయిదున్నరకు రామచంద్రపురం బస్సెక్కి, అక్కడ ఇడ్లీ తిని, ద్రాక్షారామం మీదుగా ఆటోలో వెళ్తే ఎనిమిదింటికల్లా రేవులో ఉన్నాను. రానూ పోనూ ఛార్జీలు మూడొందలు దాటలేదు. పడవకు రోజంతటికీ భోజనంతో కలిపి రెండున్నర వేలు. నలుగురు కలిసి వెళ్ళినా అంతే, నేనే తొందరపడి ఒక్కదాన్నీ వెళ్ళాను.

పడవ సత్తిబాబు గారిది. ఆయనా, భార్య నూకరత్నమూ దాని మీదే చేపలు పడతారు, సెలవు రోజుల్లో నాలాంటివాళ్ళను తిప్పుతారు. పడవ ముందు మొనకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. తెరచాప కొయ్యకు వెనకగా పాత తెరచాప గుడ్డతో పరదా కట్టి ఉంది.

"అదేనాండి?" అని అడిగాను, పడవలో కాలు పెట్టీ పెట్టకముందే.

"అదేనండి. రండి, చూపిస్తాను" అంది నూకరత్నం.

ఒక చెక్కపెట్టె, దాని మీద కమోడ్ మూత. లోపల ఇరవై లీటర్ల పెయింటు డబ్బా. ముందువైపు గరాటు, దాని గొట్టం పక్కనున్న క్యాన్‌లోకి. "ఒంటికి క్యాన్‌లోకండి, రెంటికి డబ్బాలోకండి. రెండూ కలవకూడదు. అయ్యాక ఈ కొబ్బరిపొట్టు రెండు చిప్పలు చల్లెయ్యాలి. కడుక్కునేది పక్కనున్న తొట్టిలోనండి. డబ్బాలో చుక్క నీరు పడకూడదు, మేడం గారండి" అని ఆవిడ నాకు పాఠం చెప్పింది. పొట్టు పీచు మిల్లు దగ్గర బస్తాలకొద్దీ దొరుకుతుందట. డబ్బా నిండాక పెరట్లో గోతిలో వేసి, మట్టి కప్పి, ఏడాది మగ్గనిచ్చి కొబ్బరి మొక్కలకు వేస్తారట. నేను వంగి వాసన చూశాను. తడి పీచు వాసన తప్ప ఏమీ లేదు!

"ఈయన ముందు ఒప్పుకోలేదండి" అంది నూకరత్నం, భర్తను చూపిస్తూ.

సత్తిబాబు గారు చుక్కాని వదలకుండానే అందుకున్నారు. "పడవ మాకు తల్లండి. తల్లి ఒళ్ళో దొడ్డేంటండి? ఈవిడ పోరు పడలేక ఒప్పుకున్నాను. వాసనొచ్చిన రోజున పీకి ఒడ్డున పడేస్తానని మాత్రం చెప్పేశానండి."

పద్దెనిమిదేళ్ళు ఈ పడవ మీద నోరు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్ళు తాగలేదని నూకరత్నం చెప్పింది. నేను ఒక్క రోజుకే మంచాన పడ్డాను.

తెరచాప గాలి అందుకుంది. ధైర్యం చేసి లీటరు నీళ్ళు తాగేశాను. పదిన్నరకు వెళ్ళక తప్పలేదు. ఇంజను పడవలో చప్పుడైనా ఉంటుంది, ఇక్కడ అంతా నిశ్శబ్దం! మొహమాటంతో చచ్చిపోతూ పరదా వేసుకున్నానో లేదో, సత్తిబాబు గారు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టేశారు. అది ఆ పడవ ఆచారమట. ఎవరు లోపలికి వెళ్ళినా పాట మొదలవుతుంది, బయటికి వస్తే ఆగుతుంది.

అంతా చెప్పినట్టే చేశాను. పొట్టు చల్లాను, తొట్టిలో కడుక్కున్నాను. మగ్గులో ఇంకా నీళ్ళు మిగిలాయి. నలభై మూడేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ నీళ్ళన్నీ డబ్బాలో కుమ్మరించేసింది. పొట్టంతా బురద. చచ్చాను దేవుడా అనుకుని, మూత వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను.

పన్నెండింటికి ఏటి మధ్య ఒక లంక పక్కన ఆగాం. నూకరత్నం బొమ్మిడాయిల పులుసు వండింది. ఘుమఘుమలాడిపోతోంది, నాకు ముద్ద దిగితేనా! బయట ఎండ మండిపోతోంది, లోపల ఆ డబ్బా. వాసనొస్తే నాకేం, సాయంత్రం బస్సెక్కి పోతాను. మళ్ళీ నోరు కట్టుకోవాల్సింది ఆవిడ. ఇక ఆగలేక కంచం కింద పెట్టేశాను.

"సత్తిబాబు గారూ, డబ్బాలో నీళ్ళు పోసేశానండి. ఆవిడ వద్దని చెప్పింది, తప్పు నాదే. దయచేసి దాన్ని పీకెయ్యకండి."

నూకరత్నం చేతిలో గరిటెతోనే ఆయన వంక చూసింది. ఆయన లేచి, పరదా తీసి, మూత ఎత్తి, వంగి వాసన చూశారు. తర్వాత బస్తా విప్పి ఆరు చిప్పల పొట్టు వేసి కర్రతో కలిపారు.

"పీల్చేసుకుంటుందిలెండి."

"అయితే పీకెయ్యరా?"

"వాసన రాలేదు కదండి." చేతులు కడుక్కుంటూ అన్నారు. "పెట్టిన కొత్తలో నేనూ రెండుసార్లు పోసేశానండి. ఈవిడకి చెప్పలేదు."

"ఏంటీ?" నూకరత్నం గరిటె కింద పడేసింది. "ఆ తడి నా వల్లేననుకుని, మీరు చూసేలోగా పొట్టు పోసి పోసి చచ్చాను కదండీ!" కోపంగానే అంది కానీ, అనేశాక నవ్వాపుకోలేకపోయింది. నాకు అప్పుడు ముద్ద దిగింది. రెండుసార్లు మారు వడ్డించుకున్నాను.

మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళింది, పోటు కూడా తోడై పడవ ఎగువకు చకచకా సాగింది. నాలుగింటికి కోటిపల్లిలో దిగాను.

పడవలో కంపోస్టేంటో చూద్దామని వెళ్ళినదాన్ని, అది బాగానే చూశాను, సోమవారం పిల్లలకు బొమ్మ కూడా గీసి చూపించాను. కానీ నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది తిరుగు ప్రయాణమే. రేవు ఇంకా కనుచూపు మేరలో లేదు. నూకరత్నం నా సీసా అడిగి తీసుకుని, తల వెనక్కి వాల్చి, గటగటా తాగింది. "ఇదివరకు రేవు కనబడ్డాకే తాగేదాన్నండి" అంది మూతి తుడుచుకుంటూ. సత్తిబాబు గారు విననట్టే చుక్కాని తిప్పుకుంటూ కూర్చున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

మీరూ వెళ్తే ఒక్కటే సలహా. రెండు లీటర్ల సీసా పట్టుకెళ్ళి, రేవులోనే తాగడం మొదలుపెట్టండి. మగ్గులో మిగిలిన నీళ్ళు మాత్రం తొట్టిలోనే పోయండి.