ఇరవై తగ్గించిన ముల్లు

బజారు వీధి చివర, ఇనుప సామాన్ల కొట్టుకీ టైలరు గదికీ మధ్య ఇరుక్కున్న ఎనిమిదడుగుల గదిలో ఆయన ముప్పై నాలుగేళ్లు కాటాలు బాగుచేశాడు. అందరూ కాటా మేస్త్రీ అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ముల్లు వెంట్రుకవాసి పక్కకి వాలినా ఆయనకి అన్నం సయించేది కాదు.

బజారువాళ్లు ఆయన్ని బతిమాలని రోజు లేదు. "ఖాళీగా ఉంటే సున్నాయే చూపించాలి మేస్త్రీ. బరువు పెట్టాక మాత్రం కాస్త చూసీ చూడనట్టు... నీకు తెలియని విద్యా" అని నవ్వేవారు. తెలియక కాదు. కాటా లోపల చిన్న మీట ఒకటుంటుంది. దాన్ని గోరంత జరిపితే చాలు, సున్నా దగ్గర ముల్లు సత్యహరిశ్చంద్రుడే, బరువు పడ్డాకే బొంకుతుంది. అలాంటి కాటాలు ఎన్నిటినో విప్పి సరిచేసినవాడికి ఆ పని చెయ్యడమెంతసేపు. "మీకు కావలసింది మేస్త్రీ కాదు, దొంగ. వాడి కొట్టు ఈ వీధిలో లేదు" అని కాటా తిరిగి చేతిలో పెట్టేసేవాడు. నిప్పులాంటి మనిషని పేరు. ఆ పేరు ఆయనకి నచ్చేది కూడా, ఎందుకు దాచాలి.

మూడేళ్ల కిందట ఒక ఉదయం పదింటప్పుడు రెండు కిలోల రాయి ఆయన ఎడమ చేతిలోంచి జారి పాదం మీద పడింది. నొప్పి తెలియలేదు. ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించి వెళ్లిపోయినట్టుగా వేలాడుతోంది. టైలర్ని పిలుద్దామని నోరు తెరిస్తే ముద్ద ముద్దగా ఏదో వచ్చింది. టైలరు వేళాకోళమనుకుని తనూ అలాగే నోరు వంకర చేసి నవ్వాడు. నిజం బోధపడి ఆస్పత్రికి చేర్చేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. ప్రాణం దక్కింది. కాలు సగం, మాట ముప్పాతిక తిరిగొచ్చాయి. ఎడమ చెయ్యి వస్తువుని అదిమి పట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ చాలా చెప్పింది. మందు ఒక్క పూట కూడా మానొద్దని, ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని, ఇంట్లో బీపీ చూసి రాసిపెట్టమని. "ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే ఇదంతా" అంది. ఆయనకి ఆ ఒక్క మాటే వినపడింది. మళ్లీ. వచ్చింది దారి చూసుకుని వెళ్లిందన్నమాట. ఇల్లు తెలుసు, మనిషి తెలుసు, ఇక తలుపు కొట్టే పని కూడా లేదు. షాపు అద్దంలో, బీరువా అద్దంలో, ఆగి ఉన్న కారు అద్దంలో ఆయన పళ్లికిలించి మూతి సరిగ్గా ఉందో లేదో చూసుకునేవాడు. దారినపోయేవాళ్లకి పెద్దాయన షోకు ముదిరిందనిపించేది.

ఆయన భయం ఆయన మోసుకునేవాడు. మోయలేనిది భార్య భయం. పొద్దున్నే టీ కూడా తాగకుండా ఆవిడ ఆయన కుడి చేతికి పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, రబ్బరు బంతి నొక్కి, గుండ్రటి గడియారం లాంటి దాని మీద ముల్లుని కళ్లార్పకుండా చూసేది. నూట యాభై దాటిందా, ఆ రోజుకి ఆవిడ తిండి అయిపోయినట్టే. ఆయన స్నానాల గదిలో ఉంటే బయట నిలబడి "ఉన్నారా?" అనేది.

"ఉన్నానే, ఎక్కడికి పోతాను."

రెండు నిమిషాలకి మళ్లీ "ఉన్నారా?" ఆ గది తలుపుకి లోపలి గడియ పీకించేసింది. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆ వేలు తగిలినప్పుడల్లా ఆయనకి తాను పోయాడేమోనన్న అనుమానం వచ్చేది. ఆవిడ రెండేళ్లలో పదేళ్లు పెద్దదైపోయింది.

ఒకనాడు ముల్లు నూట అరవై నాలుగు చూపించింది. ఆవిడ పట్టీ విప్పి, గోడకానుకుని అలాగే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం పక్క వీధిలో ఉన్న కూతురింటికి వెళ్లగానే ఆయన ఆ బీపీ మిషన్ని షాపుకి తీసుకెళ్లాడు. తలుపు చేరవేసుకుని, బల్లకున్న ఇనుప వైస్‌లో బిగించి, గాజు మూత తీశాడు. లోపల కాటాలో ఉన్నట్టే అదే మీట, అదే పళ్ల చక్రం, కాకపోతే చిన్నవి. ఒంటి చేత్తో పని, మూడు గంటలు పట్టింది. మూత బిగించేసరికి సున్నా దగ్గర సున్నా చూపిస్తోంది. పైకి వెళ్లాక ఇరవై తగ్గించి చూపిస్తోంది. జన్మలో చెయ్యనన్న పని అంత శుభ్రంగా కుదిరినందుకు ఆయనకి ఒక్క క్షణం గర్వం కూడా వేసింది. సిగ్గు తరవాత వచ్చింది.

మరునాటి నుంచి ఆవిడ అన్నం తినడం మొదలుపెట్టింది. "నూట నలభై రెండు. బాగా దిగింది" అని పక్కింటావిడతో గోడ మీంచి చెప్పుకుంది. ఆయన మనసులో ఇరవై కలుపుకునేవాడు. ఆ కలిపిన ఇరవైకీ ఆయన కప్పం కడుతూనే ఉన్నాడు లెండి. పొద్దుటితో పాటు సాయంత్రం కూడా నడిచాడు, ఉప్పు పూర్తిగా వదిలేశాడు, మందు వేళకి నిమిషం తప్పలేదు. ఆస్పత్రిలో చూస్తే ఎక్కువే వచ్చేది. డాక్టరమ్మ నోటుపుస్తకం తిరగేసి, "ఇక్కడికొస్తే కొందరికి భయంతో పెరుగుతుంది, ఇంట్లో అంకెలు బాగున్నాయి" అని అవే మందులు రాసేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తొమ్మిది నెలలు నడిచింది.

తొమ్మిదో నెలలో ఓ రోజు కూతురి ఫోన్ నంబరు కోసం ఆ నోటుపుస్తకం వెనక పేజీలు తిప్పితే ఇంకో వరస అంకెలు కనిపించాయి. ఆవిడ చేతిరాతే. నూట ముప్పై ఎనిమిది, నూట నలభై, నూట ముప్పై ఆరు.

"ఇవెవరివే?"

"నావే. మొన్న ఆస్పత్రిలో నాకూ చూసి కాస్త ఎక్కువుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండమన్నారు. మీరు నడకకి వెళ్లినప్పుడు అమ్మాయి వచ్చి చూస్తోంది. బాగానే ఉంది. ఊరికే తల బరువు, కళ్లద్దాలు మార్చాలేమో."

ఆయన ఇరవై కలిపాడు. ఏ అంకెకి కలిపినా నూట యాభై ఆరుకి తగ్గలేదు. ఆ క్షణమే చెప్పాల్సింది. చెబితే ఏమవుతుంది, తిడుతుంది. తిట్లకి ఆయన భయపడలేదు. మళ్లీ ఆ గోడకి చేరబడిన మొహం చూడాలన్నదే భయం. ముల్లుని గుట్టుగా సరిచేసేద్దామా అంటే, ఒక్క రాత్రిలో ఇద్దరికీ ఇరవై పెరిగితే ఆవిడకేం చెప్పాలి? రోజుకి రెండు చొప్పున పెంచుకుంటూ పోతే? రోజూ మూత విప్పడం కుదురుతుందా? ఇలా లెక్కలు వేసుకుంటూ పదకొండు రోజులు గడిపాడు. పదో రోజున ఆవిడ తల పట్టుకుని కూర్చుంటే, "ముల్లు బాగానే చూపిస్తోందిగా" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. దాన్ని ఇప్పటికీ రోజుకి పదిసార్లు వింటున్నాడు, పంపు తిప్పినా, బస్సు హారన్ కొట్టినా.

పన్నెండో రోజు పొద్దున ఆవిడ ఇచ్చిన టీ గ్లాసు ఆయన ఒళ్లో ఒలికింది. తలెత్తి చూస్తే ఆవిడ మూతి ఓ పక్కకి జారి ఉంది. అద్దాల్లో మూడేళ్లుగా తన మొహం మీద వెతుక్కుంటున్నది ఆవిడ మొహం మీద కనిపించింది. చేతులు రెండూ ఎత్తమన్నాడు. కుడిది లేవలేదు. ఆయన వీధిలోకి కుంటుతూ పరిగెత్తి ఆటో ఆపాడు. అరగంటలో ఆస్పత్రిలో ఉన్నారు. అంత త్వరగా తెచ్చారు కాబట్టే మనిషి దక్కిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. "ఈవిడకి బీపీ ఉండేదా?" అని అడిగితే కూతురు నోటుపుస్తకం అందించింది. డాక్టరమ్మ చూసి, "బాగానే ఉన్నాయే. ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి..." అని ఆగింది. దొంగకి తేలు కుట్టినట్టు ఆయన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే బట్టలు తెస్తానని ఇంటికొచ్చి ముల్లుని సరిచేశాడు. ఇక ఎవరు విప్పి చూసినా తప్పు పట్టలేరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టేవాడు లేకపోతే దొంగ ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇరవై రోజులకి ఆవిడ ఇంటికొచ్చింది. మాట ముద్దగా వస్తుంది, కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. పరామర్శకి ఎవరొచ్చినా ఒకటే మాట, పదం పదం ఏరుకుంటూ చెప్పేది. "ఈయన... కళ్లల్లో పెట్టుకుని... చూసుకున్నారు. అయినా వచ్చింది. ఏం చేస్తాం." వచ్చినవాళ్లు ఆయన వైపు గౌరవంగా చూసేవారు. ఆ చూపులు పడిన చోటల్లా ఆయనకి ఒళ్లు కాలేది. ఒకరోజు టైలరు వచ్చాడు. అతనికీ అదే చెప్పింది. టైలరు తలూపి, "మేస్త్రీ చేతిలో ముల్లు తప్పుతుందా వదినా" అన్నాడు.

అతను వెళ్లాక ఆయన ఆవిడ మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూతురు వాకిట్లో బట్టలు తీస్తోంది.

"ఆ ముల్లు తప్పింది. నేనే తప్పించాను. ఇరవై తగ్గించి పెట్టాను, నువ్వు భయపడుతున్నావని. నీదీ దాంతోనే చూసుకున్నావు. తెలిసీ పదకొండు రోజులు చెప్పలేదు."

తనకి తిరిగొచ్చిన ముప్పాతిక మాటలో ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ వింటూనే ఉంది. కూతురు బట్టల మోపుతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎంత విందో ఆయన అడగలేదు.

మరునాడు పొద్దున ఆయన అలవాటుగా పట్టీ తీసుకుని మంచం దగ్గరికెళ్లాడు. ఆవిడ బాగున్న ఎడమ చేతిని దుప్పటి కిందకి లాక్కుంది.

"అమ్మాయి చూస్తుంది" అంది.

కూతురు చూసింది, అంకె పైకి చదివింది, రాసింది. ఆయన స్టూలు మీంచి లేవబోయాడు. ఆవిడ కళ్లతో ఆపి, కూతురి వైపు తిరిగింది.

"మీ నాన్నది... కూడా చూడు. రోజూ నువ్వే... చూడు. ఆయన్ని... చూసుకోనివ్వకు."

ఆయన కుడి చెయ్యి చాపాడు. కూతురు పట్టీ చుట్టి బంతి నొక్కుతుంటే ముల్లు పైకి పోతోంది. ఆవిడ దాని వైపు చూడలేదు. కూతురి పెదవుల వైపే చూస్తోంది, అంకె ఎప్పుడు చెబుతుందా అని.